గడ్డిపోచతో చూపించు

ఇరవై ఏళ్ల రాజకీయంలో ఇద్వల్ ప్రాబర్ట్ తన సైనిక జీవితం గురించి ఒక్క అబద్ధం కూడా నోటితో ఆడలేదు. ఆ అవసరమే రాలేదు. ఆయన అబద్ధమంతా మౌనంతోనే సాగిపోయింది.

వేల్స్ కొండల్లోని ఆ నియోజకవర్గంలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మేజర్ గారనే పిలుస్తారు. ఆయన సైన్యంలో పనిచేసిన మాట నిజమే. మేజర్‌గా బయటికొచ్చిన మాటా నిజమే. తేడా అంతా ఆ తర్వాతి మాటలో ఉంది. ఏటా చలికాలంలో సైన్యంలోని రహస్య దళం కోసం ఆ కొండల్లోనే మనుషుల్ని ఏరుతారు. వీపున పెద్ద మూట, చేతిలో ఒక మ్యాప్, అంతే. ఇంకెంత దూరముందో చెప్పరు. ఎంతసేపట్లో రావాలో చెప్పరు. ఒకచోటికి చేరితే అక్కడి టెంటులో ఉన్న శిక్షకుడు, వాళ్ల భాషలో స్టాఫ్, ఇంకోచోటు చూపిస్తాడు. శభాష్ అనడు, ఛీ అనడు. మంచి మాట వింటే మనిషి మెత్తబడతాడనీ, తిట్టు తింటే రోషంతో లేస్తాడనీ, ఆ రెండూ లేకుండా ఎంత దూరం నడుస్తాడో చూడాలనీ వాళ్ల పద్ధతి.

ఇద్వల్ వయసులో ఉండగా అక్కడికి వెళ్లాడని అందరికీ తెలుసు. నెగ్గాడో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ దళంలో ఉన్నవాళ్లు ఉన్నామని చెప్పుకోరు. ప్రభుత్వం కూడా ఔననదు, కాదనదు. మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఒక విలేకరి సూటిగా అడిగాడు, మీరు ఆ దళంలో పనిచేశారా అని. ఇద్వల్ చిన్నగా నవ్వి, కిటికీలోంచి కొండవైపు చూసి, చక్కెర లేని టీ ఒక గుక్క తాగాడు. అంతే, మర్నాటికల్లా మిగతా కథంతా జనమే అల్లుకున్నారు. చెప్పుకోడు పాపం, చెప్పకూడదట, అని ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయి ఓట్లు గుద్దేశారు. నోరు మూసుకుని గెలిచిన రాజకీయ నాయకుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

జరిగిందేమిటంటే, ఆఖరి పెద్ద నడకలో కెవ్న్ దూ అనే నల్లగట్టు మీదికొచ్చేసరికి ఇద్వల్ కాళ్లు కాదు, మనసు ఆగిపోయింది. అక్కడి టెంటులో హాప్కిన్ అనే స్టాఫ్ కూర్చుని ఉన్నాడు. ఇద్వల్ మూట దించి, "ఇక చాలు, స్టాఫ్" అన్నాడు. హాప్కిన్ పొయ్యి దగ్గరికి జరిగాడు. తగరపు కప్పులో టీ పోసి, నాలుగు చెంచాల చక్కెర వేసి చేతికిచ్చాడు. కొండమీద ఆ టీ ఒక్కళ్లకే ఇస్తారు, చాలన్నవాళ్లకి. అంత తియ్యనిది ఇద్వల్ జన్మలో తాగలేదు. ఆ రోజు తర్వాత మళ్లీ టీలో చక్కెర వేసుకోనూ లేదు. హాప్కిన్ చనిపోయినప్పుడు ఎంపీ హోదాలో వెళ్లి, సమాధిలో గుప్పెడు మట్టి వేసి, నాలుగు మంచి మాటలు మాట్లాడి, కళ్లు తుడుచుకున్నాడు. రహస్యం తెలిసిన ఆఖరి మనిషి మట్టిలోకి వెళ్లిపోయాడన్న నిశ్చింత ఆ కన్నీళ్లలో కొంత ఉందని ఆయనకి తెలుసు, అందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఇప్పుడు ఆయన కూతురు హెలెద్ అదే కొండల్లో ఉంది.

సైన్యంలో చేరింది, అధికారి అయింది, ఈ ఏడు రహస్య దళానికి పేరిచ్చింది. ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారిప్పుడు. వెళ్లే ముందు ఆదివారం భోజనాల దగ్గర, గొర్రె మాంసం కోసుకుంటూ, పాకుతూనైనా చివరిదాకా వెళతానంది. "నువ్వు ఆగలేదు కదా నాన్నా?" అంది. ఇద్వల్ అలవాటు ప్రకారం నవ్వి కిటికీవైపు చూశాడు. ఆ పిల్ల ఆ నవ్వుని మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలకి, మధ్యాహ్నం పూట, ఆయన పార్టీ ఆఫీసులో జనం అర్జీలు వింటున్నాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. నల్లగట్టు కింద గొర్రెలు పెంచే మవాన్వి వచ్చి కూర్చుంది. ఏనాడూ ఆయనకి ఓటేయని మనిషి. ఆ మాట మొహంమీదే చెప్పి మరీ పనులు చేయించుకుంటుంది. రోడ్డు గురించి సతాయించడం అయ్యాక, కండువా చుట్టుకుంటూ అంది.

"ఇందాకే మీ అమ్మాయిని చూశానండీ మేజర్ గారూ. మా గేటు ముందునుంచే పోయింది. మంచినీళ్లిస్తానంటే చూడనన్నా చూడలేదు. తనలో తనే ఏదో మాట్లాడుకుంటోంది, తాగినదానిలా తూలుతోంది. పైన పొగమంచు దిగిపోయింది, మా కుక్కే పైకి రానంది. మీ రక్తమేనండీ, ఆగదు."

ఇద్వల్ అర్జీల కాగితాలు పక్కకి నెట్టేశాడు. తూలడం, తనలో తను మాట్లాడుకోవడం. చలి మనిషి లోపలికి దిగిపోతే వచ్చే లక్షణాలవి. ఆ తర్వాత ఒళ్లు వేడిగా ఉందనుకుని బట్టలు విప్పేస్తారు. ఆ తర్వాత పడుకుంటారు, ఇక లేవరు. తన పిల్ల చచ్చిపోతుంది తప్ప చాలనదు. ఎందుకనదో ఈ లోకంలో ఆయనొక్కడికే తెలుసు.

ఫోన్ చేశాడు. రక్షణ శాఖలో తెలిసిన నంబర్లన్నీ తిప్పాడు. అవతలి గొంతు చాలా మర్యాదగా, అటువంటి శిక్షణ ఏదైనా జరుగుతోందనిగానీ జరగడం లేదనిగానీ చెప్పలేమని చెప్పింది, విషయం పైకి తెలియజేస్తామంది. ఔననీ కాదనీ చెప్పని ఆ గోడ చాటునే ఇన్నేళ్లు బతికిన మనిషికి ఆ గోడే అడ్డొచ్చింది. కోటు తగిలించుకుని, మవాన్వి గేటు దాకా కారులో వెళ్లి, అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టాడు.

గట్టు ఎక్కుతుంటే మోకాళ్లు కేకలు పెట్టాయి. పొగమంచు మొహానికి అంటుకుంటోంది. కిందనుంచి గొర్రెల అరుపులు కాసేపు వినిపించాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. తన బూట్ల కింద మంచు నలిగే చప్పుడు ఒక్కటే మిగిలింది. ఒకచోట ఆగితే, ఆ చప్పుడు తనకంటే ఒక అడుగు ఆలస్యంగా ఆగింది. వెనక్కి తిరిగి చూశాడు. తన అడుగుల గుర్తులే లేవు. మంచు ఎవరూ తొక్కనట్టే ఉంది.

గట్టుమీద టెంటు ఉంది.

పాతకాలపు ఆకుపచ్చ గుడ్డ టెంటు. దాని చుట్టూ మంచు లేదు. మోకాలెత్తు గడ్డి, ఎండాకాలంలో ఉన్నట్టు పచ్చగా ఉంది. లోపల టోపీ కళ్లమీదికి లాక్కుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న పొయ్యి, పొయ్యిమీద తగరపు కప్పు. కప్పులోంచి ఆవిరి లేస్తోంది. మనిషి నోట్లోంచి మాత్రం ఆవిరి రావడం లేదు.

అతను తల ఎత్తకుండా మ్యాప్ ముందుకు జరిపాడు.

"నువ్వెక్కడున్నావో చూపించు."

గొంతు హాప్కిన్‌ది. ఆ గొంతు మీద మట్టి పోసింది తనే. అయినా చెయ్యి దానంతటదే ముందుకెళ్లి మ్యాప్ మీద వేలు పెట్టింది. హాప్కిన్ ఆ వేలివైపు చూశాడు. అలాగే కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఇద్వల్‌కి, మొదటి రోజు పాఠం. మ్యాప్ మీద వేలు పెట్టకూడదు. ఆ వేలి కింద సగం కొండ ఉంది, సగం కొండలో నీ శవాన్ని ఎక్కడ వెతకమంటావు, అని అందరిముందూ అడిగాడప్పుడు. ఆ కొండమీద నడిచినవాళ్లెవరైనా గడ్డిపోచ కొనతోనే చూపిస్తారు. ఎంపీగా ఇన్నేళ్లూ మ్యాపులమీద అరచేతులు ఆడించి మాట్లాడటం అలవాటైపోయి, అది మర్చిపోయాడు.

వంగి గడ్డిపోచ తెంపాడు. దాని కొనని గట్టుమీద ఆనించాడు.

"ఎక్కడికెళ్తున్నావో చూపించు."

"మా అమ్మాయి కోసం వచ్చాను, స్టాఫ్. ఇటొచ్చిందా?"

"వచ్చింది. కూర్చోలేదు. వెళ్లమనీ కూర్చోమనీ నేను చెప్పకూడదు, నీకు తెలుసు. ఒక మాట అడిగింది. జవాబిచ్చాను. నమ్మలేదు."

"ఎటెళ్లింది?"

హాప్కిన్ తన గడ్డిపోచతో మ్యాప్ మీద ఒక గీత దగ్గర చూపించాడు. గట్టు తెగిపోయి రాళ్ల లోయలోకి నిట్టనిలువుగా దిగే అంచు అది. తర్వాత కప్పుని ఇద్వల్ వైపు జరిపాడు. తియ్యటి వాసన ముక్కుకి తగిలింది.  కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆయన ఒళ్లంతటికీ గుర్తుంది. ఇప్పుడు కూర్చుంటే లేచేది ఉండదని కూడా ఆ ఒంటికే తెలిసింది.

"ఈసారి కూర్చోను, స్టాఫ్" అని చెప్పి అంచువైపు నడిచాడు. పది అడుగులేసి తిరిగి చూస్తే గట్టుమీద టెంటు లేదు, గడ్డి లేదు, అంతా మంచే. పిడికిట్లో గడ్డిపోచ మాత్రం ఉంది.

హెలెద్ అంచుకి కాస్త ఇవతల, రాళ్లకుప్పకి ఆనుకుని నిలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతి తొడుగులు కింద పడేసి, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతోంది. తండ్రిని చూసి ఆశ్చర్యపోలేదు. చూపు ఆయన మీంచి జారి వెనక పొగమంచులోకి పోయింది.

"నువ్వొకడివి మిగిలావా" అంది. మాట ముద్దగా వచ్చింది. "ఇందాకటినుంచి ఎవరెవరో వస్తున్నారు. అమ్మ కూడా వచ్చింది."

వాళ్లమ్మ పోయి ఆరేళ్లవుతోంది. ఇద్వల్ తన కోటు విప్పి కూతురి చుట్టూ కప్పబోయాడు. ఆమె ఆయన్ని ఒక్క తోపు తోసింది. ఆ చలిలో కూడా ఆ చేతుల్లో ఎంత బలముందో! ఎత్తుకుని దిగేంత సత్తువ ఆయనకి లేదు. పెనుగులాడితే ఇద్దరూ అంచు దాటి పోతారు. ఆమె తనంతట తను ఆగాలి. వేరే దారి లేదు.

"కిందికి పోదాం పద, తల్లీ."

"నాన్న ఆగలేదు. నేనూ ఆగను."

"ఆగాను. ఈ గట్టుమీదే ఆగిపోయాను. చాలని చెప్పేశాను. నేను నెగ్గలేదమ్మా."

హెలెద్ నవ్వింది. ఆ నవ్వు ఇద్వల్‌ని చలి కంటే ఎక్కువ భయపెట్టింది.

"నువ్వు మా నాన్నవి కాదు. మా నాన్న ఏదీ చెప్పడు. నవ్వి కిటికీలోంచి చూస్తాడు, అంతే." అని వెనక్కి ఒక అడుగు వేసింది. ఒక రాయి అంచు దాటి దొర్లింది. అది కింద పడిన చప్పుడు వినిపించలేదు.

ఇన్నేళ్ల మౌనం ఆయనకి ఏం కూడబెట్టి పెట్టిందో అప్పుడర్థమైంది. నిజం చెబితే కన్నకూతురికి కూడా అది తన గొంతులా వినిపించలేదు. ఆయన మంచులో మోకాళ్లమీద ఆమె ముందుకి జరిగాడు. ఆమె మెడలో వేలాడుతున్న మ్యాప్‌ని మెల్లగా తనవైపు లాగి, పిడికిట్లోని గడ్డిపోచ కొనని దానిమీద ఆనించాడు. కొన కదలనివ్వలేదు.

"ఇదిగో, ఇక్కడ. ఇక్కడిదాకా వచ్చాను. ఇంతకుమించి ఒక్క అడుగు వెయ్యలేదు. మూట దించేశాను. స్టాఫ్ టీ ఇచ్చాడు."

హెలెద్ చూపు గడ్డిపోచ మీద ఆగింది. 

"చక్కెర ఎంత?" అంది.

"నాలుగు చెంచాలు."

"మా నాన్న చక్కెర వేసుకోడు."

"ఆ రోజునుంచే వేసుకోవడం లేదు."

ఆమె మొహంలో ఏదో సడలింది. మోకాళ్లు మడుచుకుని ఆయనకెదురుగా మంచులో కూర్చుంది. చిన్నపిల్లలా రెండు చేతులూ ఆయన ఒళ్లో పెట్టింది. "పైన టెంటులో ఒక ముసలాయన ఉన్నాడు" అంది. "ఇక్కడెవరైనా ఆగారా అని అడిగాను. మీ నాన్న ఆగాడు, నాలుగు చెంచాల చక్కెర వేయించుకున్నాడు అన్నాడు. నన్ను పడగొట్టాలని చూస్తున్నాడనుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టేశాను, నాన్నా."

తర్వాత కళ్లు మూసుకుని, ఎవరికి చెబుతోందో తెలియకుండా, "ఇక చాలు" అంది.

ఇద్వల్ ఆమె మూట విప్పి, లోపలున్న దుప్పటి సంచిలోకి ఆమెని దూర్చి, తనూ పక్కన చేరి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి పొగమంచులోంచి ఈల వినిపించింది. స్టాఫ్ ఇద్దరు పైకెక్కి వచ్చారు. మూటలో ఉన్న పరికరం ఆమె దారి తప్పిందని చెబితే వెతుక్కుంటూ వచ్చారట. ఇద్దరూ కుర్రవాళ్లే. ఎంపీ గారిని అక్కడ చూసి బిత్తరపోయారు. ఎలా కనుక్కున్నారని అడిగారు. గట్టుమీద టెంటులో చెప్పారని అన్నాడు ఇద్వల్. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ఏడు గట్టుమీద టెంటు వెయ్యలేదండీ, హాప్కిన్ పోయిన దగ్గర్నుంచి అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు, అన్నాడు పెద్దవాడు. ఆ తర్వాత దాని గురించి ఇంకేమీ అడగలేదు.

కింద ట్రక్కులో హీటర్ పక్కన కూర్చోబెట్టి హెలెద్‌కి టీ ఇచ్చారు. ఆమె రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తాగింది. ఇద్వల్ తనకీ ఒక కప్పు అడిగాడు. చక్కెర డబ్బా తీసుకుని తనే నాలుగు చెంచాలు వేసుకున్నాడు. అదే రుచి. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి తుడుచుకోలేదు.

ట్రక్కు ఊరివైపు కదిలాక హెలెద్ ఖాళీ కప్పుని చేతుల్లో తిప్పుతూ కూర్చుంది. కోపంగా ఉందని ఆయనకి తెలుసు, ఉండాలని కూడా తెలుసు. మొదటి ఇళ్ల దీపాలు వచ్చాక, అటువైపే చూస్తూ అంది.

"నన్ను అడుగుతారు, నాన్నా. మీ నాన్న నెగ్గాడా అని."

"ఏం చెబుతావు?"

"నవ్వి కిటికీలోంచి చూస్తాను."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆయన కప్పు కింద పెట్టాడు. వద్దన్నాడు. తనే చెబుతానన్నాడు, ఎన్నికలకి ముందే, అందరిముందూ.

చెప్పడంలో ఆయనెంత ఘనుడో ఆమెకి తెలుసు. సగం చెప్పి సగం నవ్వేసే మనిషి. ఆయన పిడికిలి ఇంకా బిగుసుకునే ఉంది. ఆమె చలికి మొద్దుబారిన వేళ్లతో ఆ పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పింది. లోపల గడ్డిపోచ ఇప్పుడే కోసినట్టు పచ్చగా ఉంది. దాన్ని కాసేపు చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టి మూసింది.

"చెప్పేటప్పుడు వేలు పెట్టకు. దీంతో చూపించు."

ఇద్వల్ దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.