ఏడు మెట్లు

నీళ్ళు వదలడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. కాలువ ఎండి ఉన్న ఈ రోజుల్లోనే భూలక్ష్మి పని. నెత్తిన పీచు తాళ్ళ చుట్ట పెట్టుకుని, బొడ్డున కత్తి దోపుకుని, గట్టు మీద ప్రతి పదో కొబ్బరిచెట్టు దగ్గరా ఆగుతుంది. తాడు ఒక కొస చెట్టు మొదలుకి బిగిస్తుంది. రెండో కొస సిమెంటు గోడ మీంచి కాలువ అడుగు దాకా వదులుతుంది. జారిపడ్డవాళ్ళ చేతికి పట్టు దొరకాలని మూరకో ముడి వేస్తుంది. ఆ ఒడ్డున ముప్ఫై తాళ్ళు, ఈ ఒడ్డున ముప్ఫై. "మొగుడు పోయేక మతి చెదిరిందండి పాపం" అని పేటలో వాళ్ళు కొత్తవాళ్ళకి చెబుతుంటారు. చెప్పనీ! పిచ్చిదో మంచిదో, నాలుగేళ్ళుగా ఆ తాళ్ళు కడుతున్నది ఆమె ఒక్కతే.

అసలు దాన్ని కాలువ అనడానికి పాతవాళ్ళకి నోరు రాదు. అది కొంకేరు. గోదావరి పాయలోంచి చీలిన చిన్న పాయ. అడుగడుగునా మెలికలు తిరుగుతూ, ఒక పక్క అగ్రహారాన్నీ మరో పక్క పేటనీ ఒరుసుకుంటూ పోయేది. మట్టి ఒడ్డు కాబట్టి ఎక్కడ దిగితే అక్కడే రేవు. గేదె దిగేది, దాని వెనక మనిషి దిగేవాడు, ఇద్దరూ క్షేమంగా ఎక్కి వచ్చేవారు. ఆరేళ్ళ కిందట ఆ మెలికలన్నీ కోసి, తిన్నగా తవ్వి, రెండు పక్కలా ఏటవాలుగా సిమెంటు పోశారు. శివారు పొలాలకి నీళ్ళు వేగంగా అందుతున్నాయి, ఆ మాట కాదనకూడదు. కానీ ఒక్క వానాకాలం తిరిగేసరికి సిమెంటుకి పాచి పట్టింది. దిగడం తేలికే. ఎక్కడమే ఎవరివల్లా కాదు.

భూలక్ష్మి మొగుడు లోవరాజు వల్ల కూడా కాలేదు. కొబ్బరిచెట్లెక్కి కాయ దింపేవాడతను. కుర్రతనంలో పందెం కట్టి, సఖినేటిపల్లి రేవులో దూకి, వశిష్ఠ గోదావరిని అడ్డంగా ఈదేసి, నరసాపురంలో టీ తాగి పంటు పడవ మీద తిరిగొచ్చాడు. అలాంటి మనిషి ఓ సాయంత్రం పని ముగించుకుని కాళ్ళు కడుక్కోబోయి, జారి, ఆ కాలువలో పోయాడు. ఈత రాక కాదు, పట్టు దొరక్క. మర్నాడు చూస్తే గోడ పాచి మీద వేళ్ళ గీతలు, నలభై గజాల పొడుగునా. ఎక్కబోయి జారాడు, కొట్టుకుపోయి మళ్ళీ ఎక్కబోయాడు, మళ్ళీ జారాడు. ఆ గీతల వెంట భూలక్ష్మి నడిచి, చివరి గీత దగ్గర కూలబడింది. అయ్యో, ఏ ఆడదానికీ రాకూడని నడక అది.

పోయిన మనిషిని తలుచుకుని ఏడిస్తే కొంత బరువు దిగుతుంది. భూలక్ష్మికి ఆ వీలు కూడా లేకపోయింది. సిమెంటు పోసేముందు ఇంజినీరు వచ్చి గ్రామసభ పెట్టించాడు. ఊరికి ఒక వరస మెట్లు కడతాం, ఎక్కడ కావాలో తేల్చుకోండి అన్నాడు. మా వైపంటే మా వైపని రెండు ఒడ్లూ పట్టుబట్టాయి. "వంతెన పక్కన కడితే ఇద్దరికీ సరిపోతుంది కదండీ" అన్నాడాయన. అప్పుడు గుడి అర్చకులుగారి భార్య అమృతవల్లి లేచింది.

"మడినీళ్ళు తెచ్చుకునేవాళ్ళమండీ మేము. అందరికీ కలిపి ఒకటే రేవంటే ఎలా కుదురుతుంది?"

మెత్తగానే అంది. మెత్తగా అంటే మాత్రం మండదా? భూలక్ష్మి చీర కొంగు బిగించి లేచింది.

"మీ పక్కన దిగడానికి మేమేం మొహం వాచి లేమండి! మా రేవు మాకుండాలి. లేపోతే ఎవరికీ వద్దు!"

పేట మొత్తం ఈలలు వేసింది. వారం రోజులు ఆమెని మెచ్చుకోని నోరు లేదు. మెట్లు అవసరం లేదని గ్రామస్థుల తీర్మానం అని రాసుకుని, సంతకాలు పెట్టించుకుని ఇంజినీరు తన దారిన తను పోయాడు. మొదటి సంతకం భూలక్ష్మిదే. ఊరు ఆ సంగతి మర్చిపోయింది. ఆమె మర్చిపోలేదు.

అందుకే ఈ తాళ్ళు. కాలువలో గుర్రపుడెక్క తీసే కూలీలు, తాళ్ళు అడ్డొస్తున్నాయని ఏటా కొన్ని కోసేస్తారు. పోయినేడు అగ్రహారం ఒడ్డున అలా కోసేసిన తాడొకటి మళ్ళీ చెట్టుకి కట్టి ఉంది, పాత నేతచీర పేలికతో. ఎవరు కట్టారో భూలక్ష్మికి అంతు పట్టలేదు.

ఈ ఏడు తాళ్ళు సగం కట్టేసరికి సర్పంచి వెంకటరాజు కబురు పెట్టాడు. కొత్త ఇంజినీరు వచ్చాడట, మళ్ళీ సభట. భూలక్ష్మి మిగిలిన చుట్టతోనే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి చివర కూర్చుంది.

"మరమ్మతుల్లో ఒక వరస మెట్లకి వీలుందండీ, ఏడు మెట్లు. ఇవాళ తేలిస్తే నీళ్ళు వచ్చేలోగా అయిపోద్ది. లేకపోతే మళ్ళీ ఏడాదే" అన్నాడు ఇంజినీరు.

ఏం లాభం? అగ్రహారం మా వైపంది. పేట నుంచి అంజిబాబు లేచి, మా వైపు కట్టకపోతే అసలొద్దన్నాడు. వెనకాల కుర్రాళ్ళు ఈల వేశారు. ఆ ఈల వినగానే భూలక్ష్మి తాళ్ళ చుట్ట పక్కన పెట్టి లేచింది. ఇంజినీరు కలానికి మూత పెట్టబోతున్నాడు.

"బాబూ, మూత పెట్టకండి!"

అందరూ వెనక్కి తిరిగారు.

"ఆరేళ్ళ కితం మెట్లొద్దని మొదట సంతకం పెట్టింది నేనండి. పౌరుషానికి పోయి పెట్టేను. రెండేళ్ళు తిరక్కుండా మా ఆయన ఆ గోడ గీరి గీరి పోయేరు. మెట్లుంటే ఎక్కి ఇంటికొచ్చేద్దురు. వంతెన కాడ కట్టండి, అగ్రహారంలోనే కట్టండి, ఎక్కడ కట్టినా మేం వొస్తాం. ఒరే అంజిబాబూ, నీకు దణ్ణం పెడతాను, కూచోరా."

అంజిబాబు కూర్చున్నాడు. ముందు వరసలోంచి అమృతవల్లి మెల్లగా లేచింది.

"నీచేత అలా అనిపించింది నేను కదా భూలక్ష్మీ. పోయినేడు బిందె ముంచబోయి నేనూ జారేను. ఇంట్లో కూడా చెప్పలేదు. నీ తాడు చేతికి తగిలింది, ముడులు పట్టుకుని ఎక్కేను. తరవాత దాన్నెవరో కోసేస్తే నా చీర చింపి కట్టేను. ఆ తాడే లేకపోతే ఈపాటికి ఫొటోలో దండేసుకుని ఉందును. నీకు చెబుదామని రెండుసార్లు వంతెన దాకా వచ్చేను. మొహం చెల్లలేదు." ఆమె ఇంజినీరు వైపు తిరిగింది. "వంతెన దగ్గరే రాసుకోండి బాబూ."

"ఆయ్, రాసేసుకుంటున్నానండి" అన్నాడతను గబగబా.

ఆ వేళ భూలక్ష్మి ఉన్నదంతా చెప్పేసిందనే అందరూ అనుకున్నారు. ఒక్క మాట మాత్రం ఆమె దాచుకుంది.

జూన్‌లో నీళ్ళొచ్చాయి. మెట్లకి పసుపూ కుంకుమా పెట్టి, రెండు ఒడ్ల వాళ్ళూ వంతెన దగ్గర చేరారు. "నువ్వు దిగు ముందు" అన్నారు భూలక్ష్మితో. ఆమె లెక్కపెట్టుకుంటూ దిగింది. ఐదో మెట్టు దగ్గర నీళ్ళు పాదాలకి తగిలాయి. మిగతా రెండూ నీళ్ళ అడుగున కనిపిస్తున్నాయి. పాచి పట్టని, గరుకైన, గట్టి మెట్లు. పట్టుమని పది కూడా లేవు. ఆమె అక్కడే చతికిలబడిపోయింది. అమృతవల్లి బిందె పైనే వదిలేసి వచ్చి, అదే మెట్టు మీద కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

భూలక్ష్మి నీళ్ళతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అంది.

"ఆ మొదటి సభ నుంచొచ్చేక అన్నం తింటా అడిగేవు కదయ్యా, మధ్యలో కడితే మనకేం పోయిందే అని. వశిష్ఠ ఈదినోడివి, నీకెందుకు మెట్లు అన్నాను. నా మొహం చూసి నవ్వేవు. ఇంకో మాట అనకుండా అన్నం తినేసి లేచేవు."