పట్టుకో బావా

ఫినిషర్ లోపలికి టార్చి వేసి చూడగానే ఆమె కడుపు చల్లబడింది. చెయ్యి విరిగింది. సరిగ్గా ఎనిమిది నెలల కిందట విరిగిన చోటే.

చెయ్యంటే మనిషి చెయ్యి కాదు. ఆఫీసు కాపియర్ పక్కన ఫినిషర్ అని ఒక పెట్టె ఉంటుంది. అచ్చయి వచ్చిన కాగితాలను పేర్చి, అంచులు తట్టి సరిచేసి, మూలన పిన్ను కొట్టి బయటికి తోస్తుంది. ఆ తట్టే పని చేసేది అరచేయంత ప్లాస్టిక్ ముక్క. పదేళ్ళ వేడికి పెళుసెక్కిపోయి ఉంటుంది. లోపల కాగితం ఇరుక్కుంటే ముందు గొళ్ళెం ఎత్తాలి, ఆ తర్వాతే పెట్టెను బయటికి లాగాలి. ఎత్తకుండా లాగితే చెయ్యి పుటుక్కుమంటుంది. ఆ సంగతి తెలిసీ ఓపిక లేక లాగేసే మహానుభావుడు ఆమె ఎరిగినంతలో ఒక్కడే ఉన్నాడు. ఆయన స్వయానా ఆమె అక్క మొగుడు.

ఎనిమిది నెలల కిందట ఇదే గదిలో ఆ పని చేసింది బావే. ఆమె కళ్ళారా చూసింది. ఈ ఆఫీసు సూపరింటెండెంటుగారు వచ్చి ఇదెవరి నిర్వాకమని అడిగితే, బావ తడుముకోకుండా మరదలి వైపు వేలు చూపించాడు. "కొత్త చెయ్యి కదండీ, దురుసెక్కువ" అన్నాడు. ఆ పూటే ఆమెను తన రిపేరు కంపెనీ నుంచి తీసేశాడు. పని పోతే పోయింది, ఆమెకు పది చోట్ల దొరుకుతుంది. అక్క కూడా ఆ మాట నమ్మింది. అదే ఆమెను తినేసింది. "తప్పు చేసి ఆయన మీదికి నెడతావా, సిగ్గులేదూ?" అని అక్క ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. తల్లి తర్వాత తల్లిలా పెంచిన అక్క! ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆమె బావ మెడ పిసుకుతూనే ఉంది, మనసులో.

ఇప్పుడా బావ మూలన నిలబడి జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఈ ముక్క తయారీ ఆగిపోయి రెండేళ్ళయింది. కిందటిసారి ఇంకో పాత మిషన్‌లోంచి పీకిన ముక్క బిగించాడు, ఈసారి అదీ దొరకలేదు. పాతది తీసి కొత్తది బిగించడం తప్ప బావకు ఇంకో విద్య రాదు. సాయంత్రానికి పన్నెండు వందల పుస్తకాలు పిన్ను కొట్టి ఇవ్వాలి. విరిగిన ప్లాస్టిక్‌ను అతికించే మనిషి ఎవరని సూపరింటెండెంటుగారు నలుగురినీ అడిగితే, నలుగురూ ఈమె పేరే చెప్పారట.

"అతుకుతుందా?" అని అడిగింది సూపరింటెండెంటుగారు.

"అతుకుతుందండీ. పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి."

పగులు ఇంకా పాకకుండా దాని చివర సూదిమొనంత బెజ్జం చేసింది. ఫినిషర్‌లోంచే రెండు పిన్నులు తీసి, వేడి చేసి, పగులుకు అడ్డంగా ప్లాస్టిక్‌లోకి దించింది. రెండు ట్యూబుల జిగురును అట్టముక్క మీద కలిపి పూసింది. బిగింపు పెడితే ఆ ఒత్తిడికి ముక్క మళ్ళీ విరుగుతుంది. మనిషి వేళ్ళే కావాలి.

"పట్టుకో బావా. రెండు చేతులతో. నొక్కకు, వదలకు."

"నేనా?"

"మీరే" అంది సూపరింటెండెంటుగారు గడియారం చూసుకుంటూ.

బావ పట్టుకున్నాడు. ముక్కు దురద పెట్టినట్టుంది, మూతి అష్టవంకర్లు తిప్పాడు. ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని తీరిగ్గా కూర్చుంది. ఇంత హాయిగా ఆమె కూర్చుని ఎన్నాళ్ళయిందో.

"బావా, ఈ గడప తొక్కి నాకు ఎనిమిది నెలలైంది. మరి ఇప్పుడిది ఎవరు విరిచారు?"

"పాతబడిపోయి... దానంతటదే..."

"దానంతటదే విరిగితే ఎటైనా విరుగుతుంది. లాగితే లాగిన వైపు తెల్లగా గీత పడుతుంది. నీ బొటనవేలి పక్కనే ఉంది, చూసుకో. అప్పుడూ అక్కడే పడింది."

సూపరింటెండెంటుగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. బావ బొటనవేలు జరిపి ఆ గీతను కప్పబోయాడు.

"కదలకండి!" అని కసిరిందావిడ. "అది ఊడిందంటే ఈ సాయంత్రం పుస్తకాలన్నీ మీరే చేత్తో కుట్టాలి."

ఆమె తన ఫోన్ తీయబోయి ఆగి, పక్కనున్న గుమస్తా బల్ల మీది ఫోన్‌ను చూసింది. తన నంబరైతే అక్క ఎత్తదు. అడిగి ఆఫీసు ఫోన్ నుంచే కలిపి, స్పీకర్ నొక్కి, తీగ అందినంత మేర బావ గడ్డం కిందికి జరిపింది.

"హలో?" అంది అక్క గొంతు. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు వినగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది.

"అక్కా, బావ నీకో మాట చెప్పాలట."

బావ ముక్క వైపు చూశాడు, సూపరింటెండెంటుగారి వైపు చూశాడు. పారిపోదామంటే చేతులు ఖాళీ లేవు.

"ఏంలేదే... ఆ రోజు ఆ ఫినిషర్ ముక్క... అది... నేనే..."

"గట్టిగా చెప్పండి, వినపడట్లేదు" అంది అక్క.

"నేనే విరిచానే! మీ చెల్లి కాదు. ఇవాళ కూడా నేనే."

అవతల ముక్కు చీదిన చప్పుడైంది.

"చెల్లీ... ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"ఎన్నేసి మాటలన్నానే నిన్ను." అంది అక్క. "ఆయన ఏం చేస్తున్నారిప్పుడు?"

"జిగురు పెట్టిన ముక్క పట్టుకుని నిలబడ్డాడు. వదలకూడదు."

"ఇంకా ఎంతసేపు?"

ఆమె అట్టముక్క మీద మిగిలిన జిగురును గోటితో గీకి చూసింది. గోరు జారిపోయింది. ఎప్పుడో రాయిలా గట్టిపడిపోయింది. బావ కనుబొమ మీంచి చెమట కారి కంట్లోకి దిగుతోంది. తుడుచుకోలేక ఆ కన్ను మూసుకున్నాడు.

"ఇంకో అరగంట పడుతుందక్కా."

"ఆటో ఎక్కుతున్నా. నేనొచ్చేదాకా కదలనివ్వకు."