గైడు మీద అరచేతి దెబ్బ

పొద్దుటి నుంచి పెద్దమ్మాయి ఆ గైడును పట్టుకుని వేలాడుతోంది. నలభై దాటినా, ఊళ్ళో సగం తలుపులు ఆమె చేతి మీదుగానే వెళ్ళినా, ఇంట్లో ఆమె పెద్దమ్మాయే. గైడంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. రంపం మిషను బల్ల మీద, బ్లేడుకు కుడిపక్కన ఉండే పొడవాటి ఇనుప పట్టీ. చెక్కను దానికి ఆనించి తోస్తే కోత తిన్నగా వస్తుంది. దాని వెనక కొస వెంట్రుకవాసి బ్లేడు వైపు వాలిందంటే మాత్రం చెక్క అక్కడ ఇరుక్కుంటుంది, తిరుగుతున్న బ్లేడు దాన్ని ఎత్తి తోసిన మనిషి మీదికే విసిరికొడుతుంది. కిందటి నెల అలా వచ్చిన చెక్క ఆమె పక్కటెముకల కింద తగిలింది. కట్టు విప్పేశారు గానీ గట్టిగా ఊపిరి పీలిస్తే ఆ చోటు ఇంకా కలుక్కుమంటోంది.

మళ్ళీ మిషను ముందుకు రావడం ఇవాళే. టైలరుకి బట్ట కత్తిరించుకునే బల్ల చెయ్యాలి. పలకలు గోడకు ఆనించి సిద్ధంగా ఉన్నాయి, సిద్ధంగా లేనిది ఆమె ఒక్కతే.

"అక్కా, ఇంకాసేపు కొలిచావంటే ఆ పలకలు చిగురేస్తాయి" అన్నాడు తమ్ముడు.

"వేస్తే నీళ్ళు పొయ్యి. నన్ను మాత్రం కదపకు."

వాళ్ళ షెడ్డులో నాన్న పెట్టిన రూలు ఒకటుంది. గైడు ఎవరు బిగిస్తే మొదటి కోత వాళ్ళే కొయ్యాలి. తన తప్పును ఇంకొకరి పొట్టకు అంటగట్టకూడదని ఆయన ఉద్దేశం. తను బిగిస్తే తను కొయ్యాలి. తన వల్ల కాదని తప్పుకుంటే తమ్ముడు బిగించి తమ్ముడు కోస్తాడు. వాడికేమో చెక్కకు ఎదురుగా నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. తన ఎముకలు పోతే పోయాయి గానీ, వాడికేమైనా అయితే? అందుకే గైడు పిడి బిగించే పానాను గుప్పిట్లోంచి వదలడం లేదు.

బ్లేడు పక్కనే, దానికి సమాంతరంగా, బల్లలో సన్నటి గాడి ఉంది. అందులో సరిగ్గా కూర్చునే చెక్కబిళ్ళకు ఓ స్క్రూ బిగించి పెట్టుకుంది. బిళ్ళను గాడిలో ముందు నుంచి వెనక్కి జరుపుకుంటూ పోతే స్క్రూ తల గైడును ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకేలా రాసుకోవాలి. జరిపింది. ఒకేలా రాసుకుంది. హమ్మయ్య అనుకుంది. నాన్న నేర్పినట్టే వెనక కొసను అరచేత్తో ఒక్కటి చరిచి, పలక తేవడానికి వెళ్ళింది. తెచ్చాక మనసు ఊరుకోలేదు. మళ్ళీ బిళ్ళ జరిపింది. వెనక కొస దగ్గరికి వచ్చేసరికి స్క్రూ పట్టేసింది.

ఇప్పుడే కదా సరిగ్గా ఉంది! విప్పింది, సరిచేసింది, బిగించింది, కొలిచింది. బాగుంది. చరిచింది. మళ్ళీ కొలిస్తే పట్టేసింది. ఇనుముకు కాళ్ళొచ్చాయా, లేక తనకే మతి పోతోందా? చెక్క తగిలిన రోజు నుంచీ చేతులు చెప్పిన మాట వినడం లేదని ఆమెకు లోలోపల అనుమానం. అదే నిజమైతే ఈ పని వదిలెయ్యాల్సిందే, వదిలేస్తే చేతనయిన పని ఇంకోటి లేదు.

"దెబ్బ వేశావా అమ్మా?" గుమ్మం దగ్గర స్టూలు మీంచి నాన్న అడిగాడు. కళ్ళకు శుక్లాలొచ్చి మిషను దగ్గరికి రావడం మానేశాడు. అక్కడే కూర్చుని బల్లల కాళ్ళకూ మంచం కోళ్ళకూ గరుకు కాగితం పడుతుంటాడు. కనపడేది తక్కువయ్యేకొద్దీ వినపడేది ఎక్కువైంది.

"వేశాను నాన్నా."

ఆసుపత్రి మంచం పక్కనా ఆయన ఇదే అడిగాడు. ఆమె మత్తులో గుర్తులేదంది. అయితే మరిచిపోయి ఉంటావు, అందుకే అలా అయిందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆమె కూడా నమ్మింది. నమ్మింది కాబట్టే ఇవాళ ఇంకాస్త గట్టిగా చరుస్తోంది.

తమ్ముడికి ఓపిక చచ్చిపోయింది. "లే అక్కా, లే. నేను బిగిస్తాను, నేనే కోస్తాను. సాయంత్రానికి టైలరొచ్చి మన ఇద్దరికీ కొలతలు తీస్తాడు." గుప్పిట్లోంచి పానా లాక్కుని, గైడు విప్పి, సరిచేసి, పిడి బిగించాడు. "ముందు నన్ను చూడనీరా" అని ఆమె బిళ్ళను గాడిలో వెనక కొస దాకా జరిపింది. హాయిగా జరిగింది, తప్పు పట్టడానికేం లేదు. వాడు వెనక కొస మీద ఫట్మని ఒక్కటి చరిచి, స్విచ్చు వైపు చెయ్యి చాపాడు.

ఆమె బిళ్ళను తియ్యబోయింది. రాలేదు. గైడు దాన్ని కరుచుకుని ఉంది.

"ఆగరా! ముట్టుకోకు!"

ఆ కేకకు వాడి చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె బిళ్ళనూ, గైడు కొసనూ, తమ్ముడి అరచేతినీ చూసింది. పాత మిషనులో పిడి ఎంత బిగించినా వెనక కొస బ్లేడుకు దూరంగా బయటికే ఉండిపోయేది. ఒక్కటి వేస్తే గానీ దారికొచ్చేది కాదు. నాన్న చేయి పట్టుకుని నేర్పాడు. ఆ మిషను ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది. కొత్తది పిడి బిగిస్తే చాలు, తిన్నగా నిలబడుతుంది. దాన్నీ అలాగే చరుస్తూ వచ్చారు, చేతికి అలవాటైపోయి. ఆ రోజు తను మరిచిపోలేదు. చరిచింది కాబట్టే కొస బ్లేడు వైపు వాలి, చెక్క వెనక్కి తన్నింది.

చేతులు చెప్పిన మాట వింటూనే ఉన్నాయి, అదే వచ్చిన చిక్కు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమ్ముడికీ అర్థమై నోరు తెరవబోయాడు. ఆమె గుమ్మం వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. నేర్పిన మనిషి అక్కడ కూర్చున్నాడు. ఈ మాట ఆయన చెవిన పడకూడదు.

పానా తీసుకుని, గైడు విప్పి సరిచేసి మళ్ళీ బిగించింది. కొలిచింది. చెయ్యి దానంతటదే లేచింది. బలవంతాన దించుకుంది.

"చప్పుడు రాలేదేం?" అన్నాడు నాన్న.

ఆమె పక్కనున్న చెక్క బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచింది.

గరుకు కాగితం ఆగిపోయింది. "అది ఇనుము కాదమ్మా" అన్నాడు. లేచి, గోడ తడుముకుంటూ మిషను దాకా వచ్చి, గైడును వేళ్ళతో వెనక కొస దాకా నిమిరాడు. "దీనికి వద్దా?"

"అక్కర్లేదు నాన్నా. అదే నిలబడుతుంది."

ఆయన వేళ్ళు ఆ కొస మీదే ఆగాయి. "ఆ రోజు వేశావా?"

"లేదు. మరిచిపోయాను."

"నేను నేర్పింది నువ్వు మరిచిపోయేదానివి కాదు" అన్నాడు. ఆ దెబ్బ నేర్పిన కుడిచేతిని ఎడమ చంకలో దాచుకుని, చెక్క దారికి పక్కగా జరిగి నిలబడ్డాడు. "కొయ్యి. బిగించింది నువ్వే కదా."

ఆమె స్విచ్చు వేసింది. బ్లేడు హోరుకు పక్కటెముకల కింద చోటు ముడుచుకుపోయింది. భయం ఎక్కడికీ పోలేదు, ఆమెతో పాటే నిలబడింది. అయినా పలకను గైడుకు ఆనించి తోసింది. మధ్యకు వచ్చింది. వెనక కొస దగ్గరికి వచ్చింది, ఊపిరి బిగబట్టింది. పలక ఎక్కడా పట్టకుండా జారిపోయి, రెండు ముక్కలై బల్ల చివర ఆగింది.

స్విచ్చు ఆపాక తమ్ముడు అంచు మీద వేలు రాసి, "ఎక్కడా బ్లేడు రాసుకుని కమల్లేదు" అన్నాడు.

నాన్న తలాడించాడు. చంకలోంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆమె వెళ్ళి దాన్ని మెల్లగా బయటికి లాగి, వెచ్చగా ఉన్న ఆ కోత అంచు మీద పెట్టింది.