ఇరవై రెండు పళ్ళతో వాటర్ ట్యాంకు మలుపు

నేను ఒక పళ్ళ చక్రాన్ని. అరచెయ్యంత ఉంటాను. సైకిల్ వెనక చక్రం ఇరుసు పక్కన నా చోటు, చైన్ నా మీద నుంచే పోవాలి. నాకు ఇరవై రెండు పళ్ళు. ఇదిగో, నవ్వకండి! మా జాతిలో పద్దెనిమిది పళ్ళుంటే వీరుడట, ఇరవై రెండుంటే ముసలాడట. ఈ లెక్క కట్టినవాడు జన్మలో సైకిల్ మీద కొండ ఎక్కి ఉండడు, రాసిస్తాను.

పుట్టింది లూధియానాలో. ఒక్క గుద్దుకు ఉక్కు రేకులోంచి ఊడిపడ్డాను. కాల్చారు, నూనెలో ముంచారు, గోనెసంచిలో పోసి రైలెక్కించారు. నా నడిమి బెజ్జంలో మూడు చిన్న కొమ్ములున్నాయి. అందుకని మామూలు సైకిళ్ళకు పనికిరాను. గేర్లన్నీ వెనక చక్రం ఇరుసు డబ్బాలో దాచుకునే మూడు గేర్ల సైకిళ్ళుంటాయే, వాటికే నేను. అవి ఊరికి నాలుగైదుంటే గొప్ప.

విశాఖపట్నం పాత పట్నంలో ఒక షాపు అద్దాల బీరువాలో పదకొండేళ్ళు కూర్చున్నాను. వచ్చినవాడల్లా అడిగేది ఒకటే, స్పీడు. వెనక ఎంత చిన్న పళ్ళ చక్రం ఉంటే అంత స్పీడు కదా, నన్నెవడు చూస్తాడు? చివరికి షాపాయన నన్ను ఫ్యాన్ కింద పేపరు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడు. ఆయన షాపు మూసేశాక మిగిలిన తుక్కంతా కొండ కింద జంక్షన్లో సైకిళ్ళు బాగుచేసే పైడిరాజు సంచిలో పడింది. అందులో నేనూ ఉన్నాను.

పైడిరాజు సామాన్యుడు కాడు. బీచ్ రోడ్డు మీద సైకిల్ పందాలకు కుర్రాళ్ళ సైకిళ్ళు తయారుచేసేది ఆయనే. ముందు పెడల్ దగ్గర పెద్ద పళ్ళ చక్రం, వెనక చిన్నది, ఇదే ఆయన మంత్రం. నన్ను వేలికి తగిలించుకుని ఒక తిప్పు తిప్పి, "ముసిలోల్ల సక్రం" అని మూలకు విసిరాడు. ఒళ్ళు మండిపోయిందనుకోండి! ఆయన భార్య ఎర్నమ్మ నన్ను ఏరి, శుభ్రంగా కడిగి, ఇడ్లీ పిండి గిన్నె మూత మీద పెట్టింది, పిల్లి తోసెయ్యకుండా. తంతే బూరెల బుట్టలో పడ్డట్టని సంబరపడమంటారా, ఏడవమంటారా? నాలుగేళ్ళు పిండి పొంగినప్పుడల్లా మూతతోపాటు నేనూ లేచాను. నేను ఎక్కిన కొండ అదొక్కటే.

ఇంటి ముందు గదే షాపు. వంటగది కిటికీలోంచి అన్నీ కనపడతాయి, వినపడతాయి. ఒక శనివారం పొద్దున్నే హైమవతి తన సైకిల్ని నడిపించుకుంటూ వచ్చింది. కొండ మీద కాలనీలో పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ ఆవిడ. అందరూ సిస్టరమ్మ అంటారు. వయసు యాభైకి ఒకటి తక్కువ. ఆ సైకిల్ చూశాను, నా గుండె ఆగింది. మూడు గేర్లు! ఇరుసు డబ్బా! నా కొమ్ముల కోసమే కోసినట్టున్న గాడులు! పోర్టులో పనిచేసి వెళ్ళిపోతున్న ఒక ఓడ ఇంజనీరు దగ్గర ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కుందట. ఇరవై ఆరేళ్ళుగా దాని మీదే కొండకు వెళ్తోంది.

"పైడిరాజూ, ఈ బుధవారం టీకాల రోజు, నేను దిగకుండా కొండెక్కాల. లేకపోతే సైకిల్ అమ్మేస్తానని మా ఆయనకి మాటిచ్చేశాను" అంది.

సంగతేమిటంటే, వాటర్ ట్యాంకు దగ్గర మలుపు నిట్టనిలువుగా ఉంటుంది. మొదటి గేరులో కూడా అక్కడ లేచి నిలబడి తొక్కాల్సిందే. మోకాలు వాచింది. డాక్టరు చూసి, నిలబడి తొక్కడం ఆపకపోతే మోకాలు మిగలదన్నాడు. ఆవిడ భర్త సింహాద్రి మంచివాడే, ప్రేమ ఎక్కువ. రోజూ స్కూటర్ మీద తనే దింపుతానంటాడు. సైకిల్ కొనేవాణ్ణి కూడా చూసిపెట్టాడు.

"ఆయన దింపుతానంటే మంచిదే కదమ్మా?" అన్నాడు పైడిరాజు.

"మంచిదే. కానీ ఎవరి వెనకా కూర్చోవడం నాకిష్టం లేదు. ఈ సైకిలెక్కినప్పుడే నేను నాకోసం ఎక్కడికైనా వెళ్తున్నట్టుంటాది" అంది హైమవతి.

"అంటే బలం గావాల. అంతే కదా, నాకొగ్గేయండి!" అన్నాడు మనవాడు. ఏం చేశాడో తెలుసా? పందెం కుర్రాళ్ళకు చేసినట్టే ముందు నలభై ఆరు పళ్ళ చక్రం తీసి నలభై ఎనిమిది పళ్ళది బిగించాడు! పిండి మూత మీద కూర్చుని నేను ఎంత గింజుకున్నానో నాకే తెలుసు. ఒరే నాయనా, బరువు తగ్గించమంటే పెంచుతావేమిట్రా! చక్రాలకు నోరుండదు కదా.

ఆదివారం సాయంత్రం హైమవతి తిరిగొచ్చింది. మలుపు దాకా కూడా వెళ్ళలేకపోయిందట. చీర అంచుకు మట్టి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని ఉంది.

"ఇంక నావల్ల కాదు పైడిరాజూ. ముసల్దాన్నయిపోయాను" అని బల్ల మీద కూలబడింది.

పైడిరాజు ముఖం మాడిపోయింది. పందాలు గెలిపించిన చేతులాయనవి. "ఇంతకన్నా బలమైన సక్రం ఊర్లో లేదమ్మా" అని తల గోక్కున్నాడు.

అప్పుడు ఎర్నమ్మ మంచినీళ్ళ చెంబుతో బయటికి వచ్చింది. సిస్టరమ్మ చేతికి చెంబిచ్చి మొగుడి వైపు తిరిగింది.

"ఏటయ్యా, బిందె నెత్తినెట్టుకుని కొండెక్కినప్పుడు పెద్ద అంగలేత్తారా, సిన్న అంగలేత్తారా?"

"ఎవులైనా సిన్న అంగలే ఏత్తారు. దానికీ దీనికీ సమ్మంధమేటే?"

"మరి ఆయమ్మ సేత పెద్ద అంగలేయిత్తన్నావేటి?"

సైకిల్ని తలకిందులుగా నిలబెట్టించింది. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, పెడల్ని సరిగ్గా ఒక్క చుట్టు తిప్పింది. గీత రెండున్నర చుట్లు దాటి ఇంకా పోయింది. "సూడు. ఒక్క తొక్కుడికి ఇంత దూరం లాగాల. కొండ మీద ఇంత అంగెందుకు? ఎనకాల పెద్దదెట్టు, అంగ తగ్గుతాది."

"ఎనకాల పెద్దదెక్కడుందే ఇప్పుడు? బజారంతా తిరగాల."

ఎర్నమ్మ లోపలికి వచ్చింది. నా వైపే! నా సామిరంగా, పిండి మరకలతో సహా నన్నెత్తి తీసుకెళ్ళి మొగుడి అరచేతిలో పెట్టింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే అయింది వాళ్ళ పని. పైడిరాజు నన్ను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, నా మీది పిండి మరకలు చొక్కాతో తుడిచాడు.

మర్నాడు పొద్దున బిగించాడు. పాత పద్దెనిమిది పళ్ళవాడు దిగాడు, నేనెక్కాను. నా కొమ్ములు గాడుల్లో టక్కున కూర్చున్నాయి. నా చుట్టుకొలత పెద్దది కదా, చైన్ చాలక రెండు లింకులు కలిపాడు. వెనక చక్రం కాస్త జరిగింది కనుక గేరు వైరు మళ్ళీ సరిచేశాడు. ముందు పాత నలభై ఆరునే పెట్టాడు. ఎర్నమ్మ మళ్ళీ పెడల్ తిప్పింది. సుద్ద గీత రెండు చుట్లు దాటి కొంచెం పోయి ఆగింది. "అదీ, ఇప్పుడు ఆడది కొండెక్కే అంగ" అంది.

బుధవారం ఎనిమిదింటికి బయల్దేరాం. క్యారియర్ మీద టీకాల ఐస్ పెట్టె. వెనక సింహాద్రి స్కూటర్ మీద నెమ్మదిగా వస్తున్నాడు, ఆవిడ దిగిపోతే ఎక్కించుకుందామని. ఆయన ఆశ ఆయనది! మెరక మొదలైంది. హైమవతి రెండో గేరులోనే తొక్కుతోంది. ఎంత తేలికంటే, గేరు మార్చాలన్న సంగతే మరిచిపోయింది. "అబ్బ, భలేగుందే!" అని తనలో తనే నవ్వుకుంటోంది. నాకేమో కంగారు. అమ్మా, మలుపు వస్తోంది, మొదటి గేరు వెయ్యి తల్లీ!

మలుపు రానే వచ్చింది. చైన్ బిగుసుకుంది, నా ప్రతి పంటి మీదా ఆవిడ బరువు. మొదటి గేరు పడాలంటే ఒక్క క్షణం తొక్కడం ఆపాలి. అక్కడ ఆపితే సైకిల్ వెనక్కి జారుతుందేమోనని ఆవిడ భయం. లేచి నిలబడబోయింది. మోకాలు కలుక్కుమంది. మళ్ళీ సీటు మీద కూర్చుని, పళ్ళు బిగించి, ఒక్క క్షణం కాలు వదులు చేసింది. హ్యాండిల్ ఊగింది. పక్కన నీళ్ళ బిందెలతో నడుస్తున్న ఆడవాళ్ళు "ఓలమ్మో!" అన్నారు. ఇరుసు డబ్బాలో టిక్కుమంది. పడింది!

చిన్న అంగ. ఇంకో చిన్న అంగ. బిందెల ఆడవాళ్ళకు మేం సరిగ్గా సమానంగా వెళ్తున్నాం, ఒక్క అడుగు కూడా ముందు కాదు. అయితేనేం! "సిస్టరమ్మ కూకునే ఎక్కేత్తందే!" అని ఒకామె అరిచింది. ట్యాంకు దాటాం. కాలనీ మొదటి ఇల్లు కనపడింది. హైమవతి కళ్ళలో నీళ్ళు, ముఖమంతా నవ్వు. ఇరవై రెండు పళ్ళూ బయటపెట్టి నేనూ నవ్వాను.

సింహాద్రి పక్కన ఆగాడు. ఓడిపోయినవాడు ఊరుకుంటాడా? "ఎక్కావులే హైమా. కానీ అంత తేలిక చేసుకుని ఎక్కితే గొప్పేముంది?" అన్నాడు.

హైమవతి చెమట తుడుచుకుని స్కూటర్ వైపు చూసింది.

"ఏటండీ, ఇప్పుడు మీ బండి ఏ గేరులో ఎక్కింది?"

ఆయన కిందికి చూశాడు. "ఫస్టు గేరు" అన్నాడు.

"పెట్రోలు పోసిన బండికి లేని సిగ్గు నా కాళ్ళకెందుకండీ? ఆ సైకిల్ కొనేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి."

సింహాద్రి కాసేపు నవ్వాపుకున్నాడు, ఆపుకోలేక నవ్వేశాడు, ఫోన్ తీశాడు. ఆవిడ ఐస్ పెట్టె భుజాన వేసుకుని పిల్లల దగ్గరికి వెళ్ళింది.

పిండి గిన్నె మూత మీద ఇప్పుడు ఆ నలభై ఎనిమిది పళ్ళ పందెం వీరుడు కూర్చున్నాడు. పిల్లి దగ్గరికి కూడా రాదట, అంత బలం. నా పళ్ళు కూడా ఎప్పటికో అరుగుతాయి, నేనూ మళ్ళీ ఆ వంటగదికే చేరతాను, తెలుసు. ఇవాళ మంగళవారం, రేపు మళ్ళీ టీకాల పెట్టెతో కొండెక్కాలి. పైడిరాజు వచ్చి, "ఏటి ముసిలోడా" అని పలకరించి, నాకు రెండు చుక్కల నూనె వేసి వెళ్ళాడు.