మోత ఆగితే

బుచ్చిరాములు ఇంట్లో పవర్‌లూమ్ మోత ఆగిందంటే పిల్లలకు పై ప్రాణాలు పైనే పోయేవి. పోగు తెగితే మగ్గం ఆపాలి. మగ్గం ఆగిందంటే ఆయన కోపమంతా చేతికి దొరికినవాళ్ల వీపు మీదే. లోకమంతా మోతకు నిద్రలేస్తే, ఆయన కూతురు వాసంతి మోత ఆగితే ఉలిక్కిపడి లేచేది.

మగ్గం పాత ఇనుములో పోయింది. ఆయనా పోయాడు. ఇప్పుడు వాసంతిది మడికొండలో కొత్త ఫ్లాటు. కూతురు తేజస్విని మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, తాత ఊసు కూడా ఎత్తలేదు. ఆ పీడ తనతోనే విరగడైందనుకుంది.

ఆ మధ్యాహ్నం పచ్చడి మిక్సీ పడుతుంటే కరెంటు పోయింది. మిక్సీ, ఫ్యాను, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. వాసంతి ఎప్పటిలాగే మెడ ముడుచుకుని కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే, నాలుగేళ్ల పిల్ల తలుపు మూలన నక్కి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమైంది బిడ్డా? గట్ల కూసున్నవేంది?"

"మెల్లగ మాట్లాడు మమ్మీ. వస్తాండు."

"ఎవరే వచ్చేది?"

పిల్ల తల్లివైపు వింతగా చూసింది.

"నాకేమెరుక? కరెంటు పోయినప్పుడల్లా నువ్వు భయపడ్తవ్ గదా, ఆయనే."