ఎడమ చేతి నాడి

సిద్ధగోరా కల్యాణమండపంలో సన్నాయి మోగుతుంటే సింహాచలమ్మ కాళ్లు నేలమీద ఆనడం లేదు. కొడుకు బాలాజీ పెళ్లి మరి! రెండేళ్లు ఆగిన పెళ్లి!

ఆగదా పాపం? పెళ్లికూతురు హిమబిందు ఎడమ చేతికి అసలు నాడే దొరికేది కాదు. రక్తనాళాలు వాచిపోయే జబ్బన్నారు. గుండెనుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది, ఎప్పుడైనా పగలొచ్చన్నారు. ముందు మందులతో వాపు తగ్గించి, తర్వాత ఛాతీ తెరిచి, ఉబ్బిన ముక్క తీసేసి గొట్టం కుట్టారు. ఎడమ చేతికీ దాన్నుంచి ఓ పాయ కలిపారు. ఆపరేషన్ రోజున సింహాచలమ్మ బర్మామైన్స్ బస్తీలో తన పకోడీల బండి కట్టేసి, ఏడ్చి ఏడ్చి అమ్మవారికి మొక్కుకుంది: పిల్ల బతికి పీటలెక్కితే, కంకణం కట్టేముందు ఆ చేతి నాడి తనే చూసుకుంటానని.

తీరా పంతులు నారాయణమూర్తిగారు పసుపుదారం తీశారో లేదో, "ఆగండాగండి!" అంటూ సింహాచలమ్మ వచ్చి బిందు మణికట్టు పట్టేసుకుంది. వేళ్లు అటు జరిపింది, ఇటు జరిపింది. ఏమీ తగల్లేదు. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏటే బిందూ, కొట్టుకోటం నేదేటే?"

"మమ్మీ, డాక్టర్‌నే దేఖా హై, సబ్ ఠీక్ హై!" అన్నాడు బాలాజీ, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన హిందీలో.

"నోర్ముయ్‌రా! డాక్టరు సూత్తే నాకేటి? మొక్కు నాది!"

"గట్టిగా నొక్కు వదినా" అని ఒకావిడ, "నొక్కితే ఆగిపోద్ది" అని ఇంకొకావిడ. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారి గోల. బిందు మాత్రం పకపకా నవ్వేసింది.

"అత్తా, నూనె సెగకి నీ ఏళ్లు మొద్దుబారిపోనాయే! నా నాడికేటీ అవనేదు" అంటూ మణికట్టెత్తి అత్త పెదవులకి ఆనించింది.

టుక్కు. టుక్కు. టుక్కు.

"ఓలమ్మోలమ్మ! కొట్టుకుంతంది! నా తల్లే, దడదడా కొట్టుకుంతంది!" అని సింహాచలమ్మ ఆ చేతిని ముద్దులతో ముంచేసింది. తాళి కట్టేశారనుకుని బ్యాండువాళ్లు గట్టిమేళం అందుకున్నారు. వెనకవాళ్లు అక్షింతలు విసిరేశారు. మండపమంతా ఒకటే నవ్వులు.

"చెయ్యి వదలండమ్మా, కంకణం కట్టాలి!" అని పంతులుగారు నెత్తి బాదుకున్నారు.

"కట్టండి, నేనేటి వద్దన్నానా?" అందేగాని వదిలితేగా! ఆయన విసుగ్గా దారం చుట్టి ముడేశాక చూస్తే, అందులో అత్తగారి వేలు కూడా ఉంది.

విప్పబోతే ఆవిడ ఒప్పుకోలేదు.