సిమెంటు వద్దనుకున్న మోకాలు

ఎడిత నడుము కింద అంతా మొద్దుబారిపోయింది గానీ చెవులు మాత్రం మామూలు కంటే చురుగ్గా ఉన్నాయి. ఇలోయిలో నగరంలోని ఈ ఆపరేషన్ థియేటర్‌లో ఆమె ఏళ్ల తరబడి నర్సుగా నిలబడింది. ఇవాళ బల్ల మీద పడుకుంది. కుడి మోకాలు లోపలి వైపు అరిగిపోయింది. ఆ సగమే మారుస్తున్నారు.

లోహపు ముక్కను ఎముకకు వైద్యంలో వాడే సిమెంటుతో అతికించవచ్చు. లేదా సిమెంటు లేకుండానే బిగించి, ఎముక పెరిగి దాని గరుకుదనాన్ని పట్టుకునేదాకా ఆగవచ్చు. ఆపరేషన్‌కు ముందే డాక్టర్ గెల్వెసోన్ రెండూ వివరించి, "ఏమంటారు మనాంగ్?" అని అడిగాడు. తనకన్నా పెద్దదని ఆమెను అక్కా అన్నట్టు అలాగే పిలిచేవాడు.

"సిమెంటొద్దు డాక్. బతుకంతా దాన్ని కలిపి కలిపి విసిగిపోయా. ఇప్పుడు నా ఒంట్లోకి కూడానా?" అని నవ్వింది ఎడిత.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. తెరకు అవతల సుత్తి పడుతోంది. ముక్క గట్టిగా కూర్చునేకొద్దీ ఆ చప్పుడు కరుకెక్కాలి. ఇది మెత్తగానే ఉంది. మెత్తని ఎముక మీద దెబ్బ ఎక్కువైతే చీలుతుంది. అలా చీలిన ఎముకను ఆమె ఒకసారి కళ్లారా చూసింది.

సుత్తి ఆగింది.

"డాక్, ఏమైంది?" అని అడిగింది ఎడిత.

"ఏం కాలేదు మనాంగ్. ఒక్క నిమిషం నన్ను మాట్లాడించకండి."

"చీలిందా?"

"చీలితే నేనింత నెమ్మదిగా మాట్లాడతానా?"

చేతిలో జపమాల లేదు. వేళ్ల కణుపుల మీదే లెక్కపెడుతూ మరియమ్మను తలచుకోసాగింది.

"రోడోరా, సిమెంటు కలుపు," అన్నాడు డాక్టరు.

ఘాటైన వాసన ముక్కుకు కొట్టింది. చీలే ఉంటుంది, దాస్తున్నాడు అనుకుంది ఎడిత. "వద్దన్నాను కదా డాక్!"

"గుర్తుంది. తిట్టాలంటే తర్వాత తిట్టండి."

"మీరు నేర్పినట్టే కలుపుతున్నా మనాంగ్," అంది అవతలి నుంచి రోడోరా. ఆమె ఎడిత చేతి కింద పని నేర్చుకున్న నర్సు.

"బుడగలు రానివ్వకే తల్లీ!" అంది ఎడిత, ఏడుపు ఆపుకుంటూ.

మధ్యాహ్నం డాక్టరు వార్డుకు రాగానే, "నిజం చెప్పండి," అని నిలదీసింది.

"చీలలేదు. కానీ ముక్క ఎముకలోకి దిగబడుతున్నట్టనిపించింది. ఇంకో దెబ్బ వేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఎముక గట్టిగా ఉంటే మీరడిగినట్టే చేసేవాణ్ణి."

"మరి ఇది నిలుస్తుందా?"

"రెండు పద్ధతులూ బాగానే నిలుస్తాయి. మీ ఎముకకు మాత్రం ఇదే నయం."

"ఆ మాట అక్కడే చెప్పి ఉంటే నా ప్రాణం కుదుటపడేదిగా!"

"అప్పటికి నా ప్రాణమే కుదుటపడలేదు మనాంగ్."

మర్నాడు వాకర్ పట్టుకుని నిలబడింది. ఆ కాలి మీద బరువు వేయడానికి చాలాసేపు జంకింది. రోడోరా ఆమె నడుము పట్టుకుంది. నొప్పి పుట్టింది గానీ మోకాలు నిలిచింది. కిటికీ దాకా నడిచి, కుర్చీలో కూలబడి, ఆసుపత్రి గంజి తనవల్ల కాదనీ, సంత దగ్గరి బట్చోయ్ నూడుల్స్ సూప్ వేడివేడిగా తెప్పించమనీ రోడోరాను సతాయించింది.